బైండర్ ఆబ్జెక్టులను గుర్తుపట్టేలా చేయడం: ఆండ్రాయిడ్‌లో ప్రాసెస్‌ల మధ్య సంభాషణను డీబగ్ చేసేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

ఫోను మారతహళ్లిలో టెస్టర్ చేతిలో ఉంటుంది. కోడ్ వైట్‌ఫీల్డ్‌లో మీ ల్యాప్‌టాప్‌లో ఉంటుంది. మధ్యలో తిరిగేది ఒక బగ్ రిపోర్ట్ జిప్ ఫైలు మాత్రమే. బెంగళూరు ఆండ్రాయిడ్ టీముల్లో సగం డీబగ్గింగ్ ఇలాగే జరుగుతుంది. ఆ జిప్‌లో బైండర్ (ప్రాసెస్‌లు ఒకదాన్నొకటి పిలుచుకోవడానికి ఆండ్రాయిడ్ వాడే వ్యవస్థ) భాగం తెరిస్తే కనిపించేవన్నీ అంకెలే: నోడ్ 48213, హ్యాండిల్ 7, కోడ్ బి. ఏ ఆబ్జెక్టు, ఎవరు పుట్టించారు, ఎవరు పట్టుకుని కూర్చున్నారు అన్నది వాటిలో ఉండదు. ఆ సమాచారం కోడ్ రాసేటప్పుడే ఎక్కించి ఉండాలి. ఎక్కడ, ఎంత ఎక్కించాలో, ఆ తర్వాత ఆ అంకెలను ఎలా చదవాలో ఇక్కడ చెబుతున్నాం.

ఉదాహరణకు ఒక బస్సు లొకేషన్ యాప్ అనుకుందాం. మెజెస్టిక్ నుంచి కాడుగోడి వెళ్లే 335ఇ బస్సు ఎక్కడుందో చూపిస్తుంది. లొకేషన్ సర్వీస్ ఒక ప్రాసెస్‌లో, స్క్రీన్లు ఇంకో ప్రాసెస్‌లో నడుస్తాయి. స్క్రీన్ ఒక కాల్‌బ్యాక్ ఇస్తుంది, సర్వీస్ సెకనుకోసారి దాన్ని పిలుస్తుంది. కమాండ్లనూ క్లాసుల పేర్లనూ పలికే తీరులోనే రాస్తున్నాం. టెర్మినల్లో ఎప్పటిలాగే ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి.

సిద్ధం చేసుకోవాల్సినవి

ప్లే స్టోర్ లేని ఎమ్యులేటర్ ఇమేజ్ కానీ, యూజర్‌డీబగ్ బిల్డ్ ఉన్న ఫోను కానీ తీసుకోండి. వీటిలోనే "ఏడీబీ రూట్" పనిచేస్తుంది, రూట్ లేకుండా బైండర్ డ్రైవర్ (కెర్నల్‌లో ఉండే భాగం) లాగ్‌లు తెరుచుకోవు. ఆండ్రాయిడ్ 11 నుంచి ఆ లాగ్‌లు /డెవ్/బైండర్‌ఎఫ్ఎస్/బైండర్_లాగ్స్ కింద ఉంటాయి. పాత వాటిలో /సిస్/కెర్నల్/డీబగ్/బైండర్ కింద వెతకండి. షాపులో కొన్న మామూలు ఫోనైతే "ఏడీబీ బగ్‌రిపోర్ట్" ఒక్కటే దారి.

ఏ అంకె ఎవరిది

ఇది తెలియకుండా ముందుకు వెళితే గంటలు వృథా. సర్వీస్ ప్రాసెస్‌లో ఉన్న అసలు ఆబ్జెక్టుకు డ్రైవర్ ఒక నోడ్ సంఖ్య ఇస్తుంది. అది ఫోను మొత్తానికీ ఒక్కటే. ఆ నోడ్‌ను వాడుకునే ప్రతి ప్రాసెస్‌కూ డ్రైవర్ ఒక హ్యాండిల్ ఇస్తుంది. హ్యాండిల్ ఆ ప్రాసెస్‌కే పరిమితం. ఒక యాప్‌లో హ్యాండిల్ 7, ఇంకో యాప్‌లో హ్యాండిల్ 7 వేర్వేరు ఆబ్జెక్టులు కావచ్చు. ఎక్కడైనా ఒకే అర్థం ఉన్నది 0 మాత్రమే, అది సర్వీస్ మేనేజర్.

కాబట్టి రెండు ప్రాసెస్‌ల లాగ్‌లను హ్యాండిల్ ఆధారంగా జత చేయకండి. "రెఫ్" అని మొదలయ్యే వరుసలో "డెస్క్" పక్కన హ్యాండిల్, "నోడ్" పక్కన నోడ్ సంఖ్య ఉంటాయి. ఆ నోడ్ సంఖ్యతోనే రెండో ప్రాసెస్‌లో వెతకాలి.

1. టోకెన్లకు పేరు పెట్టండి

ఇంటర్‌ఫేస్ ఏమీ లేకుండా, కేవలం గుర్తింపు కోసం "న్యూ బైండర్" అని పుట్టించి అవతలికి పంపే ఆబ్జెక్టులు టోకెన్లు. లీకైనప్పుడు, అంటే వాడకం అయిపోయినా వదలకుండా పేరుకుపోయినప్పుడు, అందరికంటే ఎక్కువ ఏడిపించేవి ఇవే, ఎందుకంటే వీటికి డిస్క్రిప్టర్ (ఏ ఇంటర్‌ఫేసో చెప్పే పేరు) ఉండదు. ఆండ్రాయిడ్ 10, అంటే ఏపీఐ 29 నుంచి, బైండర్ కన్‌స్ట్రక్టర్ ఒక స్ట్రింగ్ తీసుకుంటుంది. దాన్ని చేర్చిందే డీబగ్గింగ్‌లో గుర్తుపట్టడానికి. అంతకన్నా పాత వెర్షన్లకు కూడా యాప్ నడవాలంటే, ఖాళీ బైండర్ పుట్టించి వెంటనే "అటాచ్‌ఇంటర్‌ఫేస్" మెథడ్‌కు మొదటి ఆర్గ్యుమెంట్‌గా నల్, రెండోదిగా ట్యాగ్ ఇవ్వండి. ఆబ్జెక్టును ఇంకో ప్రాసెస్‌కు పంపకముందే ఈ పని అయిపోవాలి. అవతలి వైపు నేటివ్ ప్రాక్సీ (అసలు ఆబ్జెక్టుకు అక్కడ ప్రతినిధి) ఈ పేరును ఒకసారి అడిగి దాచుకుంటుంది, తర్వాత మార్చినా దానికి తెలియదు.

ట్యాగ్‌లో ఏం రాయాలి? "బస్‌యాప్.రూట్‌స్క్రీన్.టోకెన్" లాంటిది చాలు: యాప్, పుట్టిన చోటు, రకం. చాలామంది ఇక్కడే అత్యుత్సాహంతో చివర ఒక ప్రత్యేక సంఖ్య తగిలిస్తారు. అలా చేయకండి. లీక్ జరిగినప్పుడు సిస్టమ్ ప్రాక్సీలను డిస్క్రిప్టర్ వారీగా లెక్కపెట్టి, ఎక్కువ ఉన్నవాటిని పైన చూపిస్తుంది. ఒకే పేరుతో నాలుగు వేల టోకెన్లుంటే దొంగ మొదటి వరుసలోనే దొరుకుతాడు. ప్రతిదానికీ వేరే పేరుంటే నాలుగు వేల వరుసలూ "ఒకటి" అనే చూపిస్తాయి, లీక్ కంటికి కనబడదు. రకం డిస్క్రిప్టర్‌లో, ఏ ఒక్కటో చెప్పే సంఖ్య డంప్‌లో (సర్వీస్ తన స్థితిని రాసి చూపించే చోట, 4వ అడుగు చూడండి): ఈ గైడ్ మొత్తానికీ ఇదే పునాది.

ఇంకో మూడు జాగ్రత్తలు. ట్యాగ్‌ను క్లాస్ పేరు నుంచి తీసుకుంటే రిలీజ్ బిల్డ్‌లో ఆర్8 (కోడ్‌ను కుదించే టూల్) దాన్ని ఏదో ఒకటి రెండు అక్షరాలకు కుదించేస్తుంది, అందుకే స్ట్రింగ్‌ను నేరుగా రాయండి. ఫోన్ నంబర్, టికెట్ నంబర్ లాంటివి పెట్టకండి, బగ్ రిపోర్ట్ ఎవరెవరి చేతులు మారుతుందో చెప్పలేం. ట్యాగ్‌ను ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉంచండి. మీ టీములో గ్రెప్ చేసేది కన్నడిగుడో తమిళుడో కావచ్చు.

2. ఏఐడీఎల్ స్టబ్‌ల డిస్క్రిప్టర్ ముట్టుకోకండి

టోకెన్ల కిటుకు ఏఐడీఎల్‌తో (ప్రాసెస్‌ల మధ్య ఇంటర్‌ఫేస్‌లు రాసే భాష) పుట్టిన స్టబ్‌లకు, అంటే కాల్‌లు అందుకునే వైపు క్లాసులకు, పనికిరాదు. వాటికి ఇంటర్‌ఫేస్ పూర్తి పేరే డిస్క్రిప్టర్. దాన్ని మార్చితే, అదే ప్రాసెస్‌లో ఉన్న ఆబ్జెక్టును కూడా "క్వెరీలోకల్‌ఇంటర్‌ఫేస్" గుర్తుపట్టదు. ఎన్‌డీకే (సీ, సీ++ కోడ్) వైపు క్లాస్ జోడింపు విఫలమవుతుంది. స్టబ్‌కు ప్రత్యేక గుర్తు కావాలంటే రిజిస్టర్ మెథడ్‌లో ఒక స్ట్రింగ్ ఆర్గ్యుమెంట్ చేర్చండి. ఉదాహరణకు "రూట్‌స్క్రీన్/335ఇ". ఈ ట్యాగ్‌ను సర్వీస్ దాచుకుని డంప్‌లో చూపిస్తుంది.

ఏఐడీఎల్ ఫైల్లోనే చేయాల్సినవి రెండున్నాయి.

మెథడ్లకు సంఖ్యలు మీరే ఇవ్వండి. మెథడ్ చివర సమానం గుర్తు పెట్టి 10, 11 అని రాయవచ్చు. ఒకదానికి ఇస్తే అన్నిటికీ ఇవ్వాలి. ఇవ్వకపోతే ఫైల్లో ఉన్న వరుసే సంఖ్య అవుతుంది. ఎవరైనా మధ్యలో ఒక మెథడ్ దూర్చితే కింద ఉన్నవన్నీ ఒకటి జరుగుతాయి. పాత క్లయింట్, కొత్త సర్వీస్ కలిస్తే "స్టాప్" అని పిలిస్తే "స్టార్ట్" నడుస్తుంది. లాగ్‌లో కనిపించే కోడ్‌కూ మీ సంఖ్యకూ ఒకటి తేడా ఉంటుంది, ఎందుకంటే మొదటి కాల్ కోడ్ 1. పైగా డ్రైవర్ దాన్ని హెక్సాడెసిమల్‌లో రాస్తుంది. మీరు 10 ఇచ్చిన మెథడ్ కోడ్ 11, లాగ్‌లో "బి" అని కనిపిస్తుంది.

పార్సెలబుల్స్‌ను (కాల్‌తో పాటు పంపే డేటా రకాలను) ఏఐడీఎల్‌లోనే నిర్వచించి ఉంటే, వాటి మీద "జావాడిరైవ్" అనోటేషన్‌లో టుస్ట్రింగ్‌ను ట్రూ చేయండి. లేకపోతే లాగ్‌లో క్లాస్ పేరు, హ్యాష్ తప్ప ఏమీ రాదు.

3. ఆన్‌ట్రాన్సాక్ట్ చుట్టూ ఒక పొర

స్టబ్‌లో ఆన్‌ట్రాన్సాక్ట్‌ను (వచ్చే ప్రతి కాల్ ముందుగా చేరే మెథడ్‌ను) ఓవర్‌రైడ్ చేసి, లోపల సూపర్‌ను పిలవండి. పిలవడానికి ముందు నాలుగు విషయాలు పట్టుకోండి: కోడ్, పిలిచినవారి యూఐడీ (యాప్ గుర్తింపు సంఖ్య), పార్సెల్ (కాల్‌లో వచ్చిన డేటా మూట) సైజు, నానోటైమ్. ఫైనల్లీ బ్లాకులో గడిచిన సమయం లెక్కించండి. అన్నీ లాగ్ చేస్తే లాగ్‌క్యాట్ మునిగిపోతుంది. 100 మిల్లీసెకన్లు దాటినవీ, 50 కేబీ మించినవీ మాత్రమే రాయడం మంచి మొదలు.

వన్‌వే కాల్‌లో (జవాబు కోసం ఆగని కాల్) "గెట్‌కాలింగ్‌పిడ్" 0 ఇస్తుంది. అది బగ్ కాదు, డ్రైవర్ ఆ సమాచారం ఇవ్వదు. యూఐడీ మాత్రం సరిగ్గానే వస్తుంది. పీఐడీ (ప్రాసెస్ సంఖ్య) కావాలంటే రిజిస్టర్ మెథడ్‌ను వన్‌వే కాకుండా ఉంచి, అప్పుడే పట్టుకుని దాచండి. అలాగే "క్లియర్‌కాలింగ్‌ఐడెంటిటీ" తర్వాత అడిగితే మీ సొంత యూఐడీయే తిరిగొస్తుంది, ముందే చదవాలి.

వన్‌వే మెథడ్‌లో ఎక్సెప్షన్ వస్తే పిలిచినవారికి చేరదు. సర్వీస్ ప్రాసెస్ లాగ్‌లో "బైండర్" ట్యాగ్ కింద మాత్రమే మిగులుతుంది. క్లయింట్ లాగ్‌లో రోజంతా వెతికినా దొరకదు. అందుకే వన్‌వే మెథడ్లన్నిటికీ ఒక వరుస సంఖ్య ఆర్గ్యుమెంట్‌గా పంపండి. రెండు వైపులా అదే సంఖ్య లాగ్ చేస్తే, ఏది పోయిందో రెండు ఫైళ్లు పక్కపక్కన పెట్టి చెప్పేయవచ్చు.

అవతలి ఆబ్జెక్టు పేరు లాగ్ చేద్దామని ప్రాక్సీ మీద "గెట్‌ఇంటర్‌ఫేస్‌డిస్క్రిప్టర్" పిలిచే అలవాటు ఉంటే, మొదటిసారి అది నిజమైన ఐపీసీ కాల్ అని గుర్తుంచుకోండి. అవతలి ప్రాసెస్ ఇరుక్కుపోయి ఉంటే మీ లాగ్ వరుసే మీ మెయిన్ థ్రెడ్‌ను కూడా ఇరికిస్తుంది. కనెక్ట్ అయినప్పుడు ఒకసారి అడిగి దాచుకోండి.

4. డంప్ రాయండి

సర్వీస్ క్లాసులో డంప్ మెథడ్‌ను ఓవర్‌రైడ్ చేస్తే "ఏడీబీ షెల్ డంప్‌సిస్ యాక్టివిటీ సర్వీస్", తర్వాత ప్యాకేజీ పేరు/సర్వీస్ పేరు కొట్టగానే అది నడుస్తుంది. బగ్ రిపోర్ట్‌లోనూ చేరుతుంది. ప్రతి క్లయింట్‌కూ ఒక వరుస రాయండి: ట్యాగ్, పీఐడీ, యూఐడీ, రిజిస్టరై ఎంతసేపయింది, ఆఖరున పంపిన వరుస సంఖ్య, ఎన్నిసార్లు విఫలమైంది. తీసేసిన ఆఖరి 20 మంది క్లయింట్లను కూడా కారణంతో సహా ఉంచండి. వాళ్లంతట వాళ్లు వెళ్లారా, ప్రాసెస్ చచ్చిపోయిందా అన్న ప్రశ్నే ఎక్కువసార్లు వస్తుంది.

డంప్‌లో లాక్ కోసం అనంతంగా ఎదురుచూడకండి. సర్వీస్ డెడ్‌లాక్ అయినప్పుడే కదా డంప్ అవసరమయ్యేది, అప్పుడు డంప్ కూడా అదే లాక్ దగ్గర ఆగిపోతే ఏం లాభం? "ట్రైలాక్"కు 500 మిల్లీసెకన్ల గడువు పెట్టి, దొరకకపోతే "లాక్ దొరకలేదు, పట్టుకున్న థ్రెడ్ ఇది" అని రాసి, లాక్ లేకుండా చదవగలిగినంత చదవండి. సిస్టమ్ సర్వీసులకు డంప్‌సిస్ డిఫాల్ట్ గడువు 10 సెకన్లు, "-టీ"తో పెంచుకోవచ్చు.

నేటివ్ సర్వీసుల్లో కూడా ఇదే మెథడ్ ఫైల్ డిస్క్రిప్టర్‌తో వస్తుంది. సర్వీస్ మేనేజర్‌లో నమోదైన సర్వీస్ అయితే, పిలిచినవారికి డంప్ పర్మిషన్ ఉందో లేదో మీరే చూడాలి.

5. చావు కబురు

కాల్‌బ్యాక్‌లను మామూలు లిస్టులో పెట్టకుండా "రిమోట్‌కాల్‌బ్యాక్‌లిస్ట్" వాడండి. రిజిస్టర్ చేసేటప్పుడు కుకీగా ట్యాగ్, పీఐడీ ఉన్న చిన్న ఆబ్జెక్టు ఇవ్వండి. "ఆన్‌కాల్‌బ్యాక్‌డైడ్"లో అదే కుకీ తిరిగొస్తుంది, ఎవరు పోయారో పేరుతో సహా రాయవచ్చు. బ్రాడ్‌కాస్ట్ మొదలుపెట్టి ముగించకుండా ఇంకోటి మొదలుపెడితే ఇల్లీగల్‌స్టేట్ ఎక్సెప్షన్ వస్తుంది, కాబట్టి ఫినిష్‌ను ఫైనల్లీలో ఉంచండి.

లింక్‌టుడెత్ నేరుగా వాడేవాళ్లు ప్రాక్సీకి బలమైన రిఫరెన్స్ పట్టుకోవాలి. ప్రాక్సీని గార్బేజ్ కలెక్టర్ తీసేస్తే కబురు కూడా రాదు. కొత్త వెర్షన్లలో "బైండర్‌డైడ్"కు ఏ బైండర్ పోయిందో కూడా వస్తుంది, ఒకే రిసీపియంట్‌తో చాలామందిని గమనించవచ్చు.

స్క్రీన్ వైపు కాల్‌బ్యాక్ స్టబ్‌ను యాక్టివిటీ లోపలి క్లాసుగా రాయడం పాత జబ్బు. అవతల ప్రాక్సీ బతికున్నంతకాలం ఇవతల స్టబ్ బతికే ఉంటుంది, దాంతోపాటు మొత్తం యాక్టివిటీ కూడా. అవతలి ప్రాసెస్‌లో గార్బేజ్ కలెక్షన్ జరిగేదాకా అది వదలదు. స్టాటిక్ క్లాసు, లోపల వీక్ రిఫరెన్స్: ఇంతే మందు.

6. డ్రైవర్ లాగ్ చదవడం

పని ఎక్కువగా ఇక్కడే ఉంది. యాప్ ఇరుక్కున్నప్పుడు దాన్ని చంపకండి. ముందు "క్యాట్"తో "ట్రాన్సాక్షన్స్" ఫైలు, "ప్రాక్" కింద రెండు ప్రాసెస్‌ల పీఐడీ ఫైళ్లు, "ఫెయిల్డ్_ట్రాన్సాక్షన్_లాగ్" తీసి పక్కన పెట్టుకోండి. ఆఖరిది 32 వరుసల వలయం మాత్రమే. ఆలస్యం చేస్తే మీ వరుసను కొత్తవి తొక్కేస్తాయి.

థ్రెడ్ వరుసలో "ఎల్" పక్కనున్న హెక్స్ విలువ చూడండి. 11 లేదా 12 అంటే పూల్‌లోని (వచ్చే కాల్‌లు అందుకునే గుంపులోని) థ్రెడ్ ఖాళీగా పని కోసం ఎదురుచూస్తోంది. 01, 02 అంటే పనిలో ఉంది. 00 అంటే అది పూల్‌లోది కాదు, కేవలం బయటికి కాల్ చేసిన థ్రెడ్.

"అవుట్‌గోయింగ్ ట్రాన్సాక్షన్" వరుసలో "ఫ్రమ్" పక్కన పీఐడీ:థ్రెడ్, "టు" పక్కన పీఐడీ:థ్రెడ్ ఉంటాయి. ఈ వరుసలను గొలుసుగా పట్టుకుని వెళ్లండి. మొదటి ప్రాసెస్ రెండోదాని కోసం ఆగింది, రెండోదానిలో ఆ థ్రెడ్‌కు ఇంకో అవుట్‌గోయింగ్ ఉంటే అది మూడోదాని కోసం ఆగింది. గొలుసు తిరిగి మొదటికే వస్తే, మధ్యలో ఎవరో లాక్ పట్టుకుని కాల్ చేశారు. "టు" పక్కన థ్రెడ్ స్థానంలో 0 ఉంటే ఆ కాల్‌ను ఇంకా ఎవరూ అందుకోలేదు, అంటే అవతలి ప్రాసెస్‌నే ఎవరూ ఆపేయకపోతే, ఎక్కువగా అక్కడ పూల్ మొత్తం నిండింది. మామూలు ప్రాసెస్‌కు డ్రైవర్ అడిగి పుట్టించే థ్రెడ్లు 15 వరకే. అప్పుడు కారణం ఆ 0 ఉన్న కాల్‌లో ఉండదు, పనిలో ఉన్న ఆ థ్రెడ్లన్నీ ఎక్కడ ఆగాయో చూడాలి. జావా స్టాకులకు "కిల్ -3", నేటివ్‌కు "డీబగ్గర్‌డీ -బి". లాగ్‌క్యాట్‌లో "బైండర్ థ్రెడ్ పూల్... స్టార్వ్‌డ్" అనే వరుస కూడా ఇదే కథ చెబుతుంది.

"ఫ్లాగ్స్" కూడా హెక్సే. చివరి బిట్ 1 అయితే వన్‌వే. జావా నుంచి వచ్చే మామూలు కాల్ సాధారణంగా 10 లేదా 12, వన్‌వే అయితే 11. కొత్త కెర్నళ్లలో "ఎలాప్స్‌డ్" అని గడిచిన సమయం కూడా ఉంటుంది.

నోడ్ కింద "పెండింగ్ అసింక్ ట్రాన్సాక్షన్" వరుసలు పేరుకుపోతే, ఆ ఒక్క ఆబ్జెక్టు మీద వన్‌వే కాల్‌లు క్యూ కట్టాయి. ఒకే నోడ్‌కు వచ్చే వన్‌వే కాల్‌లు ఒకదాని తర్వాత ఒకటే నడుస్తాయి, థ్రెడ్లు ఎన్ని ఖాళీగా ఉన్నా సరే. 335ఇ కాల్‌బ్యాక్‌లో మ్యాప్ గీసే పని పెడితే జరిగేది ఇదే.

7. విఫలమైన కాల్‌ల అర్థం

"రెట్" పక్కన రెండు సంఖ్యలుంటాయి. మొదటిది 29189 అయితే అవతలి ప్రాసెస్ లేదు. 29201 అయితే కాల్ విఫలమైంది, కారణం రెండో సంఖ్యలో ఉంటుంది. 29202 అయితే అవతలి యాప్ ఫ్రీజర్‌లో ఉంది, అంటే వెనక ఉన్న దాన్ని సిస్టమ్ నడవకుండా ఆపేసింది. రెండో సంఖ్య -28 అంటే బఫర్‌లో చోటు లేదు. -1 అంటే ఎక్కువగా ఎస్ఈలినక్స్ (కెర్నల్ భద్రతా నియమాలు) అడ్డుకుంది, డీమెసేజ్‌లో "ఏవీసీ డినైడ్" వెతకండి.

బఫర్ లెక్క చాలామందికి తప్పు తెలుసు. ఒక్కో కాల్‌కు 1 ఎంబీ కాదు, ప్రాసెస్ అందుకునే కాల్‌లన్నిటికీ కలిపి 1 ఎంబీ, అందులోంచి రెండు పేజీలు తీసేయాలి. 4 కేబీ పేజీలున్న ఫోనులో అది 10,40,384 బైట్లు, 16 కేబీ పేజీలుంటే 10,15,808. వన్‌వే కాల్‌లకు అందులో సగమే. "స్టాట్స్" ఫైల్లో "ఫ్రీ అసింక్ స్పేస్" (4 కేబీ పేజీల ఫోనులో) 5,20,192 దగ్గర ఉంటే ఖాళీగా ఉన్నట్టు, సున్నా వైపు జారుతుంటే ఎవరో వన్‌వేలతో ముంచుతున్నారు. ఆండ్రాయిడ్ 12 నుంచి, కెర్నల్ సహకరిస్తే, అలా ముంచే ప్రాసెస్ లాగ్‌లోనే హెచ్చరిక పడుతుంది.

జావాలో కనిపించే ఎక్సెప్షన్ పేరును మాత్రం గుడ్డిగా నమ్మకండి. కాల్ విఫలమైనప్పుడు ఫ్రేమ్‌వర్క్ పార్సెల్ సైజు చూసి ఊహిస్తుంది: 200 కేబీ దాటితే "ట్రాన్సాక్షన్‌టూలార్జ్", లేకపోతే "డెడ్‌ఆబ్జెక్ట్". అంటే బఫర్ నిండిన సందర్భంలో 2 కేబీ కాల్ విఫలమైనా, అవతలి ప్రాసెస్ నిక్షేపంగా ఉండగానే డెడ్‌ఆబ్జెక్ట్ రావచ్చు. అసలు కారణం డ్రైవర్ లాగ్‌లోని ఆ -28 దగ్గరే తేలుతుంది.

8. లీకులు

"డంప్‌సిస్ మెమ్‌ఇన్ఫో" ప్యాకేజీ పేరుతో నడిపితే ఆబ్జెక్ట్స్ భాగంలో లోకల్ బైండర్లు, ప్రాక్సీ బైండర్లు, డెత్ రిసీపియెంట్లు ఎన్నెన్ని ఉన్నాయో కనిపిస్తుంది. స్క్రీన్ 50 సార్లు తెరిచి మూసి మళ్లీ చూడండి. లోకల్ బైండర్లు 50 పెరిగి దిగకపోతే లీక్ ఖాయం. సిస్టమ్ సర్వర్‌కు పంపిన టోకెన్లైతే "డంప్‌సిస్ యాక్టివిటీ బైండర్-ప్రాక్సీస్" కొట్టండి, మొదటి అడుగులో పెట్టిన ట్యాగ్ ఇక్కడ పైకి తేలుతుంది. ఏఓఎస్‌పీ (ఆండ్రాయిడ్ ఓపెన్ సోర్స్) కోడ్‌లో ఒక యూఐడీ తరఫున సిస్టమ్ సర్వర్ మోసే ప్రాక్సీలకు డిఫాల్ట్ పరిమితి 6000. దాటితే యాప్‌ను చంపేస్తుంది.

ఎవరు ఎక్కువగా కాల్ చేస్తున్నారో తెలియాలంటే "యామ్ ట్రేస్-ఐపీసీ స్టార్ట్", పని చేయించి, "స్టాప్"తో డంప్ ఫైలు పేరు ఇవ్వండి. స్టాక్ ట్రేస్‌ల వారీగా లెక్క వస్తుంది. సమయాల కోసమైతే పర్ఫెట్టో (ఆండ్రాయిడ్ ట్రేసింగ్ టూల్) మేలు: "బైండర్_డ్రైవర్", "ఏఐడీఎల్", "షెడ్" కేటగిరీలు, 10 సెకన్లు చాలు. కాల్ నుంచి జవాబు దాకా బాణాలు గీసి చూపిస్తుంది. మీ సొంత ట్రేస్ సెక్షన్లు కూడా రావాలంటే "--యాప్"తో ప్యాకేజీ పేరు ఇవ్వాలి. సెక్షన్ పేరు 127 అక్షరాలు దాటితే ఎక్సెప్షన్, కాబట్టి పేరులో పార్సెలబుల్ టుస్ట్రింగ్ పెట్టే పని పెట్టుకోవద్దు.

9. కావాలని చెడగొట్టి చూడండి

పైవన్నీ పెట్టాక పనిచేస్తున్నాయో లేదో ఎమ్యులేటర్లో తేల్చుకోండి. సర్వీస్ ప్రాసెస్‌కు "కిల్ -19" పంపి ఆపేయండి, స్క్రీన్ నుంచి వన్‌వే కాని కాల్ చేయండి. ట్రాన్సాక్షన్స్ ఫైల్లో "టు" పక్కన ఏం వచ్చిందో చూసి, "కిల్ -18"తో మళ్లీ నడిపించండి. స్క్రీన్ ప్రాసెస్‌ను "కిల్ -9" చేసి, ఆన్‌కాల్‌బ్యాక్‌డైడ్ లాగ్‌లో "రూట్‌స్క్రీన్/335ఇ" అనే ట్యాగ్ పడిందో లేదో చూడండి. 1 ఎంబీ బైట్ ఎరే పంపి, ఫెయిల్డ్ లాగ్‌లో -28 దొరకబుచ్చుకోండి. ఆఖరుగా కాల్‌బ్యాక్‌లో 5 సెకన్ల స్లీప్ పెట్టి వదిలేసి, ఒక నిమిషం తర్వాత నోడ్ కింద పెండింగ్ వరుసలు లెక్కపెట్టండి. సెకనుకు ఒక కాల్ చొప్పున వస్తే 48 దగ్గర ఉండాలి. చాలా తక్కువుంటే, సర్వీస్ మధ్యలో పంపడం మానేసిందన్నమాట. డంప్‌లోని ఆఖరి వరుస సంఖ్య చూస్తే ఎక్కడ ఆపిందో తెలుస్తుంది.